ఆల్టర్నేటర్ తోకలో బ్రేకు

పాత కార్ల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపుగా బ్యాటరీ గురించో బ్రేకుల గురించో రాసినవే. మొదటి ఉత్తరానికి కొంచెం విస్తారంగా జవాబు రాస్తున్నాను. అందులోని రెండు ఫిర్యాదులకూ మూలం ఒకేచోట ఉన్నదని నా గట్టి అనుమానం. బండి చూసిన ఇద్దరు పనివాళ్ళలో ఎవరూ ఆ చోటికి చెయ్యి పెట్టినట్టు లేదు.

ప్రశ్న: మాది 2006 నాటి టాటా ఇండికా డీజిల్ బండి. లక్షా తొంభై వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలలుగా రాత్రిపూట హెడ్‌లైట్లు, ఏసీ వేసుకుని నడుపుతుంటే డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు మినుకుమినుకుమంటోంది. ఎలక్ట్రీషియన్ బ్యాటరీ పోయిందని చెప్పి కొత్తది వేశాడు. రెండు వారాలకే మళ్ళీ అదే తంతు. ఈమధ్య ట్రాఫిక్‌లో వెంటవెంటనే రెండు మూడుసార్లు బ్రేకు తొక్కవలసి వస్తే పెడల్ రాయిలా గట్టిపడుతోంది. బ్రేకు మెకానిక్ బూస్టర్ మార్చాలంటున్నాడు. ఒకేసారి రెండు జబ్బులా? ముందు దేనికి డబ్బు పెట్టాలి?
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పెడల్ గట్టిపడటం మొదలైన బండిని బాగయ్యేదాకా రోడ్డెక్కించకండి. మెకానిక్‌నే ఇంటికి పిలిపించుకోవడం మంచిది. ఇక అసలు సంగతికి వస్తే, మీ బండికి ఉన్నవి రెండు జబ్బులు కాకపోవచ్చు.

బ్రేకు పెడల్‌కు ఎదురుగా, ఇంజన్ గది గోడకు బిగించి ఉండే గుండ్రటి నల్లని డబ్బాయే బూస్టర్. దాని లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. ఆ పొరకు ఒక పక్కన గాలిని పీల్చేసి ఉంచి, మనం పెడల్ తొక్కగానే రెండో పక్కకు బయటి గాలిని వదిలితే, ఆ రెండు పక్కల ఒత్తిడిలోని తేడా మన కాలికి తోడై, బ్రేకు ఆయిల్‌ను చక్రాల వైపు తోసే మాస్టర్ సిలిండర్‌ను నెడుతుంది. గాలి పీల్చే పనిని పెట్రోలు బండ్లలో ఇంజనే చేసిపెడుతుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినప్పుడు త్రాటిల్ పలక మూసుకుని, దాని వెనుక, ఇంజన్‌లోకి గాలి వెళ్ళే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో, శూన్యం ఏర్పడుతుంది. మీ ఇండికా డీజిల్ ఇంజన్‌లో గాలికి అడ్డం పడే అటువంటి పలక లేదు, అందువల్ల పనికివచ్చేటంత శూన్యమూ లేదు. ఆ లోటు తీర్చడానికి విడిగా ఒక వాక్యూమ్ పంపు పెట్టారు. ఆ పంపు ఉన్నది మరెక్కడో కాదు, బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వెనుక చివర, ఆల్టర్నేటర్ తిరిగే ఇరుసు మీదనే. కాబట్టి బ్యాటరీకి కరెంటు ఇచ్చేదీ, బ్రేకుకు బలం ఇచ్చేదీ ఒకే బెల్టు మీద, ఒకే ఇరుసు మీద తిరుగుతున్నాయి. బెల్టు జారితే రెండూ కుంటుపడతాయి. బ్యాటరీ మార్చినవాడు కరెంటు మాత్రమే చూశాడు, బూస్టర్ మార్చాలన్నవాడు పెడల్ మాత్రమే చూశాడు.

అందుకని అన్నిటికంటే చవకైన బెల్టుతోనే మొదలుపెట్టండి. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసేసి, రెండు పుల్లీల మధ్య బెల్టును బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు లోపలికి వెళ్ళాలి. అంతకంటే బాగా దిగితే వదులైనట్టే. బెల్టు అంచులు అద్దంలా మెరుస్తున్నా, లోపలి వైపు పగుళ్ళు కనిపించినా బిగించి లాభం లేదు, కొత్తది వేయించండి. అతిగా బిగిస్తే మాత్రం ఆల్టర్నేటర్ బేరింగులు అరుస్తాయి. తొలకరి జల్లుల్లో, ఉదయం బండి తీసిన మొదటి నిమిషంలో కీచుమని శబ్దం వచ్చి ఆగిపోతోందా అన్నది మీరు రాయలేదు. వస్తూ ఉంటే దోషం బెల్టుదేనని సగం తేలినట్టే.

బెల్టు బాగుంటే వోల్టులు, ఆంపియర్లు కొలిచే మల్టీమీటరు తీయాలి. ఇప్పుడు చిన్న మీటరు ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరుకుతుంది. పాత బండి ఉన్న ఇంట్లో జాకీ పక్కన అది కూడా ఉండాలని నా అభిప్రాయం. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య 12.6 వోల్టులు ఉంటే పూర్తిగా చార్జి అయి ఉన్నట్టు, 12.4 దగ్గర ఉంటే పావువంతు ఖర్చయినట్టు, 12 వోల్టులకు దిగితే దాదాపు ఖాళీ అయినట్టు. ఇంజన్ స్టార్ట్ చేశాక అదే చోట 13.8 నుంచి 14.5 వరకు చూపించాలి. తరువాత హెడ్‌లైట్లు, బ్లోయర్, ఏసీ అన్నీ వేసి, ఇంజన్ వేగం కొంచెం పెంచి చూడండి. అప్పుడు కూడా 13.5కు తగ్గకుండా నిలిస్తే చార్జింగ్ బాగున్నట్టే. 12.5కు పడిపోయిందంటే ఆ సమయంలో దీపాలు వెలిగిస్తున్నది మీ కొత్త బ్యాటరీయే గాని ఆల్టర్నేటర్ కాదు. ఒకవేళ 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే లోపలి రెగ్యులేటర్ చెడినట్టు. అది బ్యాటరీలో నీళ్ళను మరిగించి ఆవిరి చేస్తుంది.

వోల్టేజి తక్కువగా ఉన్నంత మాత్రాన ఆల్టర్నేటర్‌ను విప్పించవద్దు. పాత బండ్లలో తయారైన కరెంటు దారిలోనే కాజేయబడటం మామూలే. లైట్లన్నీ వేసి, ఇంజన్ నడుస్తుండగా, మీటరు ఎర్ర తీగను ఆల్టర్నేటర్ వెనుక ఉన్న లావు బోల్టుకు, నల్ల తీగను బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు ఆనించండి. మీటరు 0.3 వోల్టు కంటే ఎక్కువ చూపితే ఆ తీగలోనో, దాని చివరల్లోనో, మధ్యలో ఉన్న ఫ్యూజ్ లింకులోనో తుప్పు పట్టింది. అదే విధంగా ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.2 దాటకూడదు, దాటితే ఇంజన్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ పట్టీని విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాలి. అరగంట పనితో, పది రూపాయల కాగితంతో తీరిపోయే ఈ లోపానికి మొత్తం ఆల్టర్నేటర్ మార్పించుకున్నవాళ్ళను నేను ఎంతోమందిని చూశాను.

తీగలు కూడా బాగుంటే ఆల్టర్నేటర్ లోపలికి వెళ్ళాలి. మీటరును ఏసీ వోల్టుల (కారు ఏసీ కాదు, అటూ ఇటూ మారే కరెంటు) మీద పెట్టి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర కొలిస్తే అర వోల్టుకు మించి చూపకూడదు. మించితే కరెంటును ఒక వైపే పోనిచ్చే డయోడ్ పోయి ఉంటుంది. చౌక మీటర్లలో కొన్ని ఏసీ మీద పెట్టినా డీసీని చూసి తప్పుడు అంకె చూపిస్తాయి. అందుకని ముందు ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఒకసారి కొలవండి. అప్పుడే ఏదైనా అంకె కనబడితే ఆ మీటరు ఈ పరీక్షకు పనికిరాదు. ఇకపోతే, చార్జింగ్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే అలవాటు మన పనివాళ్ళలో ఇంకా ఉంది. అది ఆల్టర్నేటర్‌కు ముందు బండ్లలో ఉండిన డైనమో కాలం నాటి విద్య. డయోడ్లున్న ఆల్టర్నేటర్‌కు అలా చేస్తే ఒక్కసారిగా వోల్టేజి ఎగిసి, బాగున్న డయోడ్లూ రెగ్యులేటరూ కూడా కాలిపోవచ్చు. మీ బండి దగ్గర ఎవరైనా ఆ పనికి చెయ్యి చాస్తే ఆపండి.

ఇప్పుడు మీ బండికి ప్రత్యేకమైన సంగతి చెబుతాను. వాక్యూమ్ పంపులోని రెక్కలు అరగకుండా ఉండటానికి ఇంజన్ నుంచి సన్నని గొట్టం ద్వారా ఆయిల్ వస్తుంది. పని అయ్యాక లావు గొట్టం ద్వారా తిరిగి ఇంజన్‌లోకి జారిపోతుంది. పంపుకూ ఆల్టర్నేటర్‌కూ మధ్య ఉన్న సీలు వయసు మీద పడి గట్టిపడితే ఆ ఆయిల్ ఆల్టర్నేటర్ లోపలికి ఊరుతుంది. కార్బన్ బ్రష్‌ల నుంచి రాలిన పొడి, ఆయిల్ కలిసి జిగురు ముద్దగా మారి బ్రష్‌లను తమ గాడిలో కదలనివ్వదు. బ్రష్ ఇరుసు మీద తిరిగే స్లిప్ రింగును సరిగా తాకకపోతే చార్జింగ్ వస్తూ పోతూ ఉంటుంది, దీపం మినుకుమంటుంది. ఒక చిన్న టార్చి వేసి ఆల్టర్నేటర్ వెనుక భాగం చూడండి. నల్లటి ఆయిల్ తడి కనబడితే మీ రెండు ఫిర్యాదులకూ కారణం దొరికినట్టే. అప్పుడు బ్రష్‌లు మాత్రమే మార్పించి సీలు వదిలేస్తే రెండు మూడు నెలల్లో మళ్ళీ అదే చోటికి వస్తారు.

పెడల్ సంగతి ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజన్ ఆపి, పెడల్‌ను ఐదారుసార్లు తొక్కితే అది గట్టిపడుతుంది. కాలు తీయకుండా, అలాగే ఒత్తి పట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం లోపలికి దిగితే బూస్టర్ పనిచేస్తోంది. తరువాత రెండు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపండి, ఒక నిమిషం ఆగి పెడల్ తొక్కండి. మొదటిసారి మెత్తగా, రెండోసారి, మూడోసారి క్రమంగా గట్టిగా రావాలి. మొదటి తొక్కుకే గట్టిగా ఉంటే శూన్యం నిలవడం లేదని అర్థం. దానికి బూస్టరే కారణం కానక్కరలేదు. పంపు నుంచి బూస్టర్‌కు వెళ్ళే రబ్బరు గొట్టం పగిలి ఉండవచ్చు, లేదా ఆ గొట్టం దారిలో ఉండే వాల్వ్ చెడి ఉండవచ్చు. ఆ వాల్వ్‌ను విప్పి నోటితో ఊదితే ఒక వైపు నుంచి మాత్రమే గాలి పోవాలి.

మీరు చెప్పినట్టు వెంటవెంటనే తొక్కినప్పుడు మాత్రమే గట్టిపడితే, నిల్వ ఉన్న శూన్యం ఖర్చయ్యాక పంపు దాన్ని త్వరగా నింపలేకపోతోందన్నమాట. మెకానిక్ దగ్గర వాక్యూమ్ గేజి ఉంటే గొట్టానికి తగిలించి చూడమనండి. గోదావరి ఒడ్డున ఉన్న మీ ఊళ్ళో బాగున్న పంపు పాదరసం లెక్కలో 650 మిల్లీమీటర్లు దాటించాలి. సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న హైదరాబాదులో బయటి గాలి ఒత్తిడే తక్కువ కాబట్టి, అదే పంపు అక్కడ 40, 50 మిల్లీమీటర్లు తక్కువ చూపినా తప్పు పట్టనక్కరలేదు. పంపు అంకె సరిగా ఉండి, పెడల్ తొక్కి పట్టుకున్నప్పుడు కాళ్ళ దగ్గర బుస్సుమని గాలి శబ్దం వస్తూనే ఉంటే, అప్పుడు బూస్టర్ మార్పించండి. ఆ పరీక్ష జరగకుండా బూస్టర్‌కు డబ్బు కట్టవద్దు. కొత్త ఆల్టర్నేటర్ కొనవలసివస్తే పంపుతో సహా వచ్చేదీ, పంపు లేకుండా వచ్చేదీ వేరువేరుగా దొరుకుతాయి; దుకాణంలో ఆ మాట స్పష్టంగా అడగండి.

ప్రశ్న: నా 2003 మారుతి 800 వారానికి ఒక్క రోజే, ఆదివారం, బయటికి తీస్తాను. ఏడాదిలో రెండో బ్యాటరీ. శనివారం దాకా బాగానే ఉన్నట్టుండి ఆదివారం సెల్ఫ్ తిరగదు. మధ్యలో బుధవారం ఐదు నిమిషాలు ఇంజన్ వేసి ఉంచుతున్నాను, అయినా లాభం లేదు.
ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, బుధవారం మీరు చేస్తున్న పని బ్యాటరీకి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తోంది. ఐడిల్‌లో ఐదు నిమిషాలు నడిపితే సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయిన కరెంటు తిరిగి చేరితే గొప్ప. వేయదలిస్తే బండిని కనీసం అరగంట రోడ్డు మీద నడపండి.

బండి ఆగి ఉండగా ఎవరో కరెంటు తాగుతున్నారన్నది స్పష్టమే. ఎవరన్నది కొలిచి తెలుసుకోవాలి. తలుపులన్నీ మూసి, తాళంచెవి తీసి, బ్యాటరీ మైనస్ తీగను విప్పి, ఆ తీగకూ టెర్మినల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి తగిలించండి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటరు కాలిపోతుంది. మీ బండి లాంటి దానికి 50 మిల్లీ ఆంపియర్ల లోపు చూపితే సరే. 300 చూపిందనుకోండి: రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు పోతాయి, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఐదు రోజుల్లో అడుగంటుతుంది. మీ లెక్క ఇంచుమించు ఇక్కడే ఉంది. అంకె ఎక్కువగా ఉంటే ఫ్యూజులను ఒక్కొక్కటిగా పీకుతూ, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో చూడండి.

నా అనుభవంలో మొదటి ముద్దాయి మ్యూజిక్ సిస్టమ్. కారు డెకార్ దుకాణాల్లో హడావిడిగా బిగించేటప్పుడు తాళంచెవితో ఆగవలసిన తీగను నేరుగా బ్యాటరీకి కలిపేస్తారు. రెండోది డిక్కీ దీపం, తలుపు స్విచ్ లాంటి చిన్నవి. ఏ ఫ్యూజు తీసినా అంకె తగ్గకపోతే ఆల్టర్నేటర్ వెనుక లావు తీగను విప్పి చూడండి. అప్పుడు తగ్గితే లోపలి డయోడ్ కారుతోంది. ఆ తీగ ఎప్పుడూ బ్యాటరీతో కలిసే ఉంటుంది కాబట్టి విప్పే ముందు బ్యాటరీ మైనస్ తీయడం, విప్పిన చివరకు టేపు చుట్టడం మరచిపోకండి.

బ్రేకుకు సంబంధించిన చిన్న స్విచ్ ఒకటి కూడా ఇందులో భాగస్తురాలు కావచ్చు. బ్రేకు పెడల్ పైభాగంలో, పెడల్ వెనక్కి వచ్చినప్పుడు నొక్కుకునే స్విచ్ ఉంటుంది. పెడల్ దగ్గరి రబ్బరు బుడిపె ఎండి రాలిపోతే ఆ స్విచ్ నొక్కుకోదు, వెనుక బ్రేకు లైట్లు రాత్రంతా వెలుగుతాయి. ఒక్కోటి 21 వాట్ల బల్బులు రెండు కలిసి మూడున్నర ఆంపియర్లు లాగుతాయి. పది గంటల్లో మీ బ్యాటరీ నేలకు దిగుతుంది. ఇది వారం పాటు ఆగదు, ఒక్క రాత్రిలోనే ముంచుతుంది. అందుకే మీ విషయంలో అనుమానం తక్కువ. అయినా చీకటి పడ్డాక ఒకసారి బండి వెనక్కి వెళ్ళి చూడటానికి ఖర్చేమీ లేదు కదా.

ప్రశ్న: మా తాతగారి 1972 అంబాసిడర్‌ను మళ్ళీ రోడ్డెక్కించాం. ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఎర్ర దీపం వెలుగుతోంది, వేగం అందుకోగానే ఆరిపోతోంది. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టమని అందరూ అంటున్నారు.
ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: మీ దీపం తన పని తాను సక్రమంగా చేస్తోంది. డైనమో ఐడిల్ వేగంలో బ్యాటరీకి మించిన వోల్టేజి పుట్టించలేదు. అందుకని మెకానిక్కులు కటౌట్ అని పిలిచే రెగ్యులేటర్ పెట్టెలోని పాయింట్లు విడిపోయి, బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా ఆపుతాయి. అప్పుడు దీపం వెలుగుతుంది. వేగం పెరిగి డైనమో 13 వోల్టుల చుట్టుపక్కలకు చేరగానే పాయింట్లు కలిసి దీపం ఆరుతుంది. ఆందోళన పడవలసింది వేగంలో కూడా దీపం ఆరకపోతేనే.

ఆల్టర్నేటర్ పెట్టాలా వద్దా అన్నది మీరు బండిని ఎలా వాడతారన్నదాని మీద ఉంటుంది. ఆ తరం డైనమో నిండు వేగంలో ఇచ్చేది 22 ఆంపియర్ల దాకానే. రెండు హెడ్‌లైట్లకు దాదాపు తొమ్మిది ఆంపియర్లు పోతాయి. వానలో వైపర్లూ హారనూ తోడైతే మిగిలేది కొంచెమే. ఆదివారం పగటిపూట తిప్పుకునే బండికి డైనమోయే చాలు, పైగా బానెట్ ఎత్తినప్పుడు చూడ్డానికి బాగుంటుంది. రోజూ రాత్రి వరంగల్లు నుంచి హన్మకొండకు తిరుగుతారంటే మార్చండి.

డైనమోనే ఉంచితే ఒక జాగ్రత్త. రీవైండింగ్ చేయించి తిరిగి బిగించాక దానికి ధ్రువాన్ని, అంటే ఏది ప్లస్, ఏది మైనస్ అన్నదాన్ని, గుర్తు చేయాలి. డైనమో మీద ఉన్న రెండు తీగలను విప్పి, బ్యాటరీలో బాడీకి కలపని టెర్మినల్ నుంచి ఒక తీగ తెచ్చి, చిన్న టెర్మినల్‌కు ఒక్క క్షణం చొప్పున రెండు మూడుసార్లు తాకిస్తే చాలు. ఆ కాలపు బండ్లలో కొన్నిటికి ప్లస్ టెర్మినల్‌నే బాడీకి ఎర్త్ చేసేవారు కాబట్టి, ఏ టెర్మినల్ బాడీకి కలిసి ఉందో మీ కళ్ళతో చూసుకునే ఈ పని చేయండి.

ప్రశ్న: నా 2004 శాంత్రో పది కిలోమీటర్లు నడిచేసరికి ముందు కుడి చక్రం కాగిపోతోంది, బండి కుడివైపు లాగుతోంది. కాలిపర్ కిట్టు మార్పించాను, ప్యాడ్లు మార్పించాను, మళ్ళీ అదే. చల్లారాక మామూలుగా ఉంటోంది.
ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బ్రేకు తొక్కకుండానే కుడివైపు లాగుతోందంటే ఆ చక్రంలో బ్రేకు పట్టుకుని వదలడం లేదు. పట్టుకోవడానికి కారణం బ్రేకు ఆయిల్ ఒత్తిడా, ఇనుప భాగాల బిగుతా అన్నది ఒక్క స్పానర్‌తో తేలుతుంది.

బండిని వేడెక్కేదాకా నడిపి, చదునైన చోట ఆపి, వెనుక చక్రాలకు అడ్డు రాళ్ళు పెట్టి, కుడి ముందు చక్రం జాకీ మీద ఎత్తి, కింద స్టాండు పెట్టండి. చక్రం చేత్తో తిప్పితే తిరగదు. ఇప్పుడు కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) మీదున్న బ్లీడర్ నిపుల్‌ను (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మరను) కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి, చక్రం స్వేచ్ఛగా తిరగడం మొదలైతే లోపల ఒత్తిడి చిక్కుకుని ఉందన్నమాట. నిపుల్ వదిలినా చక్రం బిగిసే ఉంటే పిస్టన్‌కు తుప్పు పట్టడమో, కాలిపర్ జరిగే పిన్నుల్లో గ్రీజు ఎండిపోవడమో కారణం. మీ మెకానిక్ కిట్టు మార్చినప్పుడు ఆ పిన్నులను శుభ్రం చేసి, బ్రేకులకు వాడే గ్రీజే పూశాడా అని అడగండి. మామూలు గ్రీజు పూస్తే పిన్నుల రబ్బరు బూట్లు ఉబ్బి పిన్నులు మళ్ళీ ఇరుక్కుంటాయి.

ఒత్తిడి చిక్కుకున్నట్టు తేలితే నా వేలు చక్రం దగ్గర ఉండే రబ్బరు హోస్ పైపు వైపు చూపుతుంది. ఇరవై ఏళ్ళ పైపు బయటికి నున్నగా కనిపిస్తూనే లోపల పొర ఊడి చిన్న రెక్కలా వేలాడుతుంది. కాలి బలంతో ఆయిల్ లోపలికి దూసుకుపోతుంది; కాలు తీసినప్పుడు అది వెనక్కి రాకుండా ఆ రెక్క తలుపులా మూసుకుంటుంది. కిట్టు ఎన్నిసార్లు మార్చినా ఇది తీరదు. పైపులు మార్చేటప్పుడు రెండు వైపులా కలిపి మార్పించండి. ఒక వైపు కొత్తది, ఒక వైపు పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగే ప్రమాదం ఉంటుంది.

ఒక్క చక్రం కాకుండా నాలుగూ కలిసి కాగుతుంటే కథ వేరు. అప్పుడు మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి ట్యాంకులోకి పోయే సన్నని రంధ్రం మూసుకుపోయి ఉండవచ్చు, లేదా పెడల్ వెనుక కడ్డీకి ఉండవలసిన కాస్త ఖాళీ లేకుండా బిగించి ఉండవచ్చు. మాస్టర్ సిలిండర్‌ను పట్టుకున్న రెండు నట్లను రెండు చుట్లు వదులు చేస్తే చక్రాలు తిరిగాయంటే దోషం ఆ కడ్డీ బిగింపుదే. చూశాక నట్లను మళ్ళీ పూర్తిగా బిగించాలని వేరే చెప్పనక్కరలేదు.

పాత బ్రేకు షూల పొడిని నోటితో గాని, కంప్రెసర్ గాలితో గాని ఊదవద్దని కూడా మీ మెకానిక్‌కు చెప్పండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయడం మేలు.

ప్రశ్న: నా 1998 మారుతి 800లో తిరుమల నుంచి దిగుతుండగా సగం దారిలో పెడల్ నేలకు తగిలింది. హ్యాండ్ బ్రేకుతో, గేరుతో ఎలాగో ఆపాను. అరగంట ఆగాక బ్రేకులు మామూలుగా పనిచేశాయి. కిందికి వచ్చాక మెకానిక్ అంతా విప్పి చూసి లోపం ఏమీ లేదన్నాడు. నాకు నమ్మకం కుదరడం లేదు.
ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీ అనుమానమే సరైనది. లోపం బండి భాగాల్లో కాకుండా ఆయిల్‌లో ఉన్నందువల్ల మెకానిక్‌కు కనబడలేదు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. ఘాట్‌లో మలుపు మలుపుకూ కాలు పెడల్ మీదే ఉంటే చక్రాల దగ్గర ఆయిల్ ఆ వేడికి చేరి మరుగుతుంది, పైపుల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు కాబట్టి బ్రేకు పడుతుంది. ఆవిరి నలిగిపోతుంది, పెడల్ ఖాళీగా దిగిపోతుంది. చల్లారగానే ఆవిరి మళ్ళీ ద్రవమై సాక్ష్యం మాయమవుతుంది.

మీ బండిలో ఆయిల్ ఎప్పుడు మార్చారో మీరు రాయలేదు. రెండేళ్ళు దాటి ఉంటే మొత్తం మార్పించండి. పైన కొంచెం పోయడం మార్చడం కాదు. మాస్టర్ సిలిండర్ నుంచి ఎక్కువ దూరంలో ఉన్న వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, వెనుక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి చక్రం దగ్గర, కొత్త ఆయిల్ రంగు కనిపించేదాకా గాలి తీయాలి. ట్యాంకు ఏ క్షణంలోనూ అడుగంటకుండా ఒకరు చూస్తూ ఉండాలి. అదే సమయంలో ఇంజన్ ఆపి పెడల్‌ను ఒక నిమిషం ఒకే బలంతో నొక్కి పట్టి చూడమనండి. బయట ఎక్కడా తడి లేకుండా పెడల్ మెల్లగా మునిగిపోతూ ఉంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లు కూడా అరిగాయి, వాటిని కూడా మార్పించండి.

ఈసారి దిగేటప్పుడు మొదటి మలుపు నుంచే రెండో గేరులో ఉండండి, మరీ నిటారుగా ఉన్న చోట మొదటి గేరు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన ఎలాగూ ఉంది, తొందరపడి లాభం లేదు. బ్రేకును గీస్తూ ఉంచకుండా, మలుపుకు ముందు ఒకసారి గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేస్తే మధ్యలో చక్రాలకు చల్లారే సమయం దొరుకుతుంది. పెట్రోలు కలిసివస్తుందని న్యూట్రల్ చేసి దొర్లించే అలవాటు మీకు ఉన్నా లేకపోయినా, పక్క సీట్లో అలా సలహా ఇచ్చే బంధువు మాట వినకండి.

ఆయిల్ కొనేటప్పుడు సీలు విప్పని చిన్న డబ్బా కొనండి. మీ బండికి అర లీటరుతో పని జరిగిపోతుంది. మెకానిక్ షాపులో మూత తీసి నెలల తరబడి బల్ల మీద ఉన్న పెద్ద డబ్బాలోది ఎంత చవకగా పోస్తానన్నా వద్దనండి, అది అప్పటికే నీళ్ళు తాగి ఉంటుంది. పని అయ్యాక బానెట్ మీద, ఫెండర్ మీద చుక్క పడి ఉంటే వెంటనే నీళ్ళతో కడిగించండి. ఆలస్యమైతే రంగు పొరలుగా లేస్తుంది.